అన్ని మెరుపులకూ ఒకటే గడి

కొత్త జిల్లాలు ఏర్పడిన మరుసటి సంవత్సరం ఎండాకాలం మొదట్లో నన్ను సిద్దిపేట ప్రభుత్వ దవాఖానలో కంటి విభాగానికి సివిల్ సర్జన్‌గా పంపారు. పుట్టి పెరిగింది ఈ ఊళ్ళోనే కనుక ఆర్డరు చేతికి వచ్చినప్పుడు సంతోషించాను. మా ఉద్యోగంలో సివిల్ అసిస్టెంట్ సర్జన్, డిప్యూటీ సివిల్ సర్జన్, సివిల్ సర్జన్ అని మూడు మెట్లుంటాయి. మూడో మెట్టు ఎక్కేసరికి నలుగురి మీద సంతకం పెట్టే అధికారం వస్తుంది, మోకాళ్ళ నొప్పులూ వస్తాయి. నాకు రెండూ వచ్చాయి. కోపం మాత్రం మొదటి మెట్టు మీదే వచ్చింది. సిబ్బంది నా వెనకాల "కారం డాక్టరమ్మ" అనుకునేవారని నాకు తెలుసు. ఆ పేరు పోగొట్టుకోవాలని నేను ఎన్నడూ ప్రయత్నించలేదు.

ఇప్పుడు చెప్పబోయేది ఒక కూరగాయల బండి డ్రైవరు కుడికన్ను సంగతి. రిటైరైన వాళ్ళు పాత సంగతులు చెబుతుంటే గొంతు మెత్తబడుతుందంటారు. దీన్ని తలుచుకుంటే నాకు ఇవాళ్టికీ ఒళ్ళు మండుతుంది. అందుకే మెత్తగా రాయలేను.

ముందు మా వృత్తిలో వెలుగుకున్న మాటల గురించి కొంచెం చెప్పాలి. కంటి డాక్టరు దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది ఏదో ఒక వెలుగు గురించే చెబుతారు. మేము చదివిన చదువు ఇంగ్లీషులో ఉంది కనుక ఆ వెలుగును ఇంగ్లీషులోకి మార్చి కేసు షీటు మీద రాస్తాం. ఇంగ్లీషులో వెలుగుకు మాటలు చాలా ఉన్నాయి. కథలు రాసేవాళ్ళకు అవి అలంకారాలు. మాకు అవి జబ్బుల గుర్తులు.

గ్లేర్ అంటే బయటి వెలుతురు కంట్లో చెదిరి పరుచుకుని ఎదుటి వస్తువును కప్పేయడం. ఎదురుగా వచ్చే బండి లైటు, మధ్యాహ్నపు ఎండలో రేకుల కప్పు, ఇలా బయట ఒక వెలుతురు ఉంటేనే గ్లేర్ ఉంటుంది. కళ్ళు మూస్తే పోతుంది. ఎక్కువగా శుక్లం, అంటే మనవాళ్ళు మోతిబిందు అనేది, మొదలైనప్పుడు ఇలా చెబుతారు. హేలో అంటే దీపం చుట్టూ రంగుల వలయం. కొండపాక నుంచి వచ్చిన ఒక పెద్దావిడ నాతో "బుగ్గ సుట్టు సింగిడి వడ్తుంది బిడ్డా" అంది. బుగ్గ అంటే కరెంటు బల్బు, సింగిడి అంటే ఇంద్రధనుస్సు. అంతకన్నా చక్కగా ఏ పాఠ్యపుస్తకమూ చెప్పలేదు. తలనొప్పితో పాటు ఆ మాట వింటే కంటిలో ఒత్తిడి చూడాలి, అది నీటికాసులు, అంటే గ్లకోమా కావచ్చు. షిమ్మర్ అంటే ఎండాకాలం తారురోడ్డు మీద నీళ్ళలా కదిలే వెలుగు. అది కంటి జబ్బు కాకపోవచ్చు, ఒంటిచెంప తలనొప్పికి ముందు అలా కనబడుతుంది.

ఇక ఫ్లాష్. బయట ఏ వెలుతురూ లేకుండా కంటి లోపల తళుక్కుమనే మెరుపు. చీకట్లో వస్తుంది, కళ్ళు మూసుకున్నా వస్తుంది. కంటి వెనక గోడకు అంటుకుని ఉండే సన్నని పొరను రెటీనా అంటాం. దాన్ని ఏదైనా లాగినా, అది చిరగబోతున్నా, దానికి నొప్పి తెలియదు. అది ఒక్క వెలుగు భాషే మాట్లాడుతుంది. ఆ మెరుపు దాని కేక. కేక విన్న రోజే చూస్తే లేజరుతో చిరుగును కుట్టినట్టు అంటించవచ్చు. వినకపోతే పొర ఊడి వస్తుంది, నల్లటి పరదా దిగుతుంది, ఆ పరదా కంటి నడిమి దాకా వచ్చిందంటే ఏ మొనగాడు ఆపరేషను చేసినా పాత చూపు రాదు.

కనుక గ్లేర్‌కూ ఫ్లాష్‌కూ తేడా మాటల్లోది కాదు. ఒకటి ఆగగలదు, ఒకటి ఆగలేదు. ఆ తేడా తెలుసుకోవడానికి యంత్రాలు అక్కర్లేదు. మా ప్రొఫెసరు మాకు నేర్పిన ప్రశ్న ఒక్కటే: "కళ్ళు మూస్తే పోతుందా?" రోగి నోటి మాటను రోగి భాషలోనే మొదటి వరుసలో రాయాలి, ఇంగ్లీషు రెండో వరుసలో రావాలి అని ఆయన నియమం. మొదటి వరుస ఖాళీగా ఉన్న షీటును ఆయన మా మొహాన కొట్టేవాడు. నేను మొహాన కొట్టలేదు గానీ బల్ల మీద కొట్టిన సందర్భాలున్నాయి.

నేను చేరిన కొద్ది రోజులకే హైదరాబాదు నుంచి ఒక ధార్మిక సంస్థ వచ్చింది. పేరు రాయను. గజ్వేల్, కొండపాక, రాయపోల్ మండలాల్లో ఉచిత కంటి శిబిరాలు పెడతామన్నారు. ఇలాంటి శిబిరాలకు ఒక పద్ధతి ఉంటుంది. సంస్థకూ ప్రభుత్వానికీ ఒప్పందం రాసుకుంటారు. ఒక ప్రభుత్వ కంటి సర్జను పర్యవేక్షకుడిగా ఉండి ఆపరేషనుకు పంపే ప్రతి రోగినీ మళ్ళీ పరీక్షించాలి. కార్యక్రమం ముగిశాక అంతా సక్రమంగా జరిగిందని ధ్రువీకరించాలి. ఆ పర్యవేక్షణ నాకు అప్పగించారు.

ముందస్తు సమావేశంలో సంస్థ కోఆర్డినేటరు ట్యాబ్ తెరిచి చూపించాడు. ఇస్త్రీ చొక్కా, మెత్తటి మాట, ప్రతి వాక్యానికీ ఒక "మేడమ్". డిగ్రీ చదివే పిల్లలు వాలంటీర్లుగా కూర్చుంటారు, వచ్చిన వాళ్ళ బాధ విని తెర మీద ఒక గడి నొక్కుతారు. వెలుగు బాధలకు ఐదు గడులున్నాయి, ఐదూ ఇంగ్లీషులో: గ్లేర్, హేలో, ఫ్లాష్, షిమ్మర్, డిమ్. గ్లేర్ నొక్కితే నల్ల అద్దాలూ నీలం చీటీ వస్తాయి. నీలం చీటీ వాళ్ళు నెల తర్వాత శుక్లం పరీక్షకు రావాలి. ఫ్లాష్ నొక్కితే ఎర్ర చీటీ. ఎర్ర చీటీ వచ్చిన మనిషిని అదే రోజు సంస్థ తన బండిలో హైదరాబాదు తీసుకుపోవాలని ఒప్పందంలో ఉంది. చూడ్డానికి పద్ధతి బాగానే ఉంది. దాన్ని తయారుచేసిన డాక్టరెవరో పని తెలిసినవాడే.

నేను ఒక్కటే అడిగాను. గడి నొక్కేముందు రోగి అన్న మాటను తెలుగులో ఒక వాక్యం రాసే చోటు పెట్టండి అన్నాను. కోఆర్డినేటరు నవ్వి, "వాక్యాలను లెక్కపెట్టలేం కదా మేడమ్, గడులైతే రిపోర్టు దానంతటదే వస్తుంది" అన్నాడు. రిపోర్టుకు వైద్యం చేస్తున్నారా, మనుషులకా అని అడిగాను. దానికీ నవ్వాడు. నవ్వే మనిషితో గొడవ పడటం కష్టం. నా అభ్యంతరాన్ని సమావేశం వివరాల్లో రాయించి లేచి వచ్చాను.

శిబిరాలు మొదలయ్యాయి. నా దగ్గరికి శుక్లం రోగులు బండ్లలో వచ్చేవారు. పరీక్షించి పంపేదాన్ని. అందరూ నిజమైన రోగులే, ఆపరేషన్లూ బాగానే చేశారు. ఈ మాట కూడా చెప్పకపోతే అన్యాయం. అయితే మొదటి శిబిరం తర్వాత ఎర్ర చీటీలు రావడం ఆగిపోయింది. సంస్థ బండి తిన్నగా హైదరాబాదు తీసుకుపోతోంది కాబోలు, నా దాకా రావాల్సిన పనిలేదు కదా అని మా ఆప్తాల్మిక్ ఆఫీసరు రఫీక్ అన్నాడు. ఆప్తాల్మిక్ ఆఫీసరంటే చూపు పరీక్షలు చేసి అద్దాల నంబరు ఇచ్చే ఉద్యోగి. నేనూ అదే అనుకోవడానికి ఒప్పందంలో ఆధారం ఉంది.

ఒక సోమవారం ఓపీలో వరుస తలుపు దాటి వరండాలోకి పాకింది. వరుసను పట్టించుకోకుండా ఒకామె మొగుణ్ణి చేయి పట్టుకుని లోపలికి లాక్కొచ్చింది. అతని కళ్ళకు సంస్థవాళ్ళ నల్ల అద్దాలున్నాయి. వరుసలో రమ్మని కసిరాను.

"తిట్టు గని సూసి తిట్టమ్మా," అంది ఆమె. "నా మొగనికి సగం కన్ను కనవడ్తలేదు."

ఆమె పేరు రేణుక, అతను యాదగిరి. రాయపోల్ దగ్గరి పల్లె. గజ్వేల్ నుంచి హైదరాబాదు మార్కెట్టుకు కూరగాయలు తోలే డీసీఎం బండి డ్రైవరు. బండి వేరే వాళ్ళది, చేసేది జీతానికి. టమాటా పెట్టెల మీద టార్పాలిన్ బిగించేటప్పుడు రబ్బరు తాడు కొక్కెం ఊడి వచ్చి కుడికంటికి కొట్టింది. వాపు తగ్గింది, కన్ను బాగానే కనబడింది, పనిలోకి పోయాడు. ఆ తర్వాత మెరుపులు మొదలయ్యాయి. కొండపాకలో శిబిరం ఉందని విని, బండి ఒక పూట ఆపి మరీ పోయాడు.

"ఏమని చెప్పినవ్ ఆడ?" అని అడిగాను.

"ఉన్నదే జెప్పిన మేడం. పక్కపొంటి వెల్డింగు కొట్టినట్టు మెరుస్తుంది అన్న. కండ్లు మూసినా మెరుస్తుంది అన్న."

నేను పెన్ను కింద పెట్టాను. కళ్ళు మూస్తే పోతుందా అని ఎవరూ అడగకముందే జవాబు చెప్పిన మనిషి అతను. మేము కాలేజీలో చదివింది ఒక్క వాక్యంలో చెప్పాడు. అతని జేబులోంచి రేణుక ఒక చీటీ తీసి బల్ల మీద పెట్టింది. నీలం చీటీ.

"నెల దినాలకు రమ్మన్నరు," అంది. "అద్దాలు పెట్టుకోమన్నరు. బండి లైట్లు కొట్టి కొట్టి గట్లయిందన్నరట. మొన్నటిసంది కింది నుంచి నల్లగ లేస్తుందంటుండు. గడువు కాలే గద, ఆగుదమన్నడు. నేనే గుంజుకొచ్చిన."

చుక్కలు వేసి కంటిపాప విచ్చుకునేదాకా కూర్చోబెట్టాను. తర్వాత అతన్ని పడుకోబెట్టి, తలకు కట్టుకునే దీపం పెట్టుకుని లోపల చూశాను. దాన్ని ఇండైరెక్ట్ ఆప్తాల్మోస్కోపు అంటాం. రెటీనా పైభాగం గోడను వదిలి, తలుపుకు కట్టిన పాత పరదాలా ఊగుతోంది. చిరుగు స్పష్టంగా కనబడుతోంది. పొర ఊడటం నడిమి చుక్కను దాటింది. చూపులో అసలైన పని చేసేది ఆ చుక్కే. అక్షరం, మనిషి మొహం, ఎదురుగా వచ్చే బండి దూరం, అన్నీ దానితోనే. మొన్న వచ్చి ఉంటే ఆ చుక్క దక్కేదేమో. శిబిరం రోజునే పంపి ఉంటే ఆపరేషనే అవసరం పడేది కాదేమో.

దీపం తీసేసి గోడ వైపు తిరిగి నిలబడ్డాను. రోగి ముందు డాక్టరు మొహం చూపించకూడని సమయాలుంటాయి. రఫీక్ ఇరవై ఏళ్ళుగా డాక్టర్ల కోపాలు చూసినవాడు. నన్ను చూసి ఏమీ అడగకుండా హైదరాబాదులోని రెటీనా విభాగానికి ఫోను కలిపాడు. వాళ్ళు వెంటనే పంపమన్నారు. ప్రయాణానికి బండి కావాలి. ఒప్పందం ప్రకారం అది సంస్థ బాధ్యత. కోఆర్డినేటరుకు ఫోను చేశాను.

అతను ట్యాబ్‌లో చూసి చెబుతానన్నాడు. చూసి చెప్పాడు. "ఈ పేషెంటుకు గ్లేర్ అని రికార్డయింది మేడమ్. గ్లేర్‌కు మా బండి రాదు."

రెటీనా ఊడిపోయిన కన్ను నా ముందు ఉందని చెప్పాను.

"మాకేం తెలుస్తుంది మేడమ్? పేషెంటే సరిగ్గా చెప్పి ఉండడు. పల్లెటూరి వాళ్ళు, వాళ్ళకు ఎక్స్‌ప్రెస్ చేయడం రాదు కదా."

ఆడలేక మద్దెల ఓడు అనడం విన్నాను గానీ, మద్దెల చిరిగిపోయాక దాన్నే తిట్టేవాణ్ణి అప్పుడే చూశాను. నేను ఏమన్నానో ఇక్కడ రాయదగింది కాదు. ఓపీ వరుసలో ఉన్నవాళ్ళంతా విన్నారు. తర్వాత నూట ఎనిమిదిని పిలిపించి ఇద్దరినీ ఎక్కించాను. బండి ఎక్కుతూ యాదగిరి, రేపు లోడు ఉంది, రేపటికల్లా వస్తనా మేడం అని అడిగాడు. రేణుక అతని నోరు మూయించింది.

ఆ రోజు సాయంత్రమే సంస్థ శిబిరం గజ్వేల్‌లో ఉంది. పర్యవేక్షకురాలిగా ఎప్పుడైనా పోయి చూసే హక్కు నాకుంది. పోయాను. కొండపాకలో వెలుగు బాధల బల్ల దగ్గర ఎవరు కూర్చున్నారని అడిగితే స్రవంతి అనే అమ్మాయిని చూపించారు. డిగ్రీ రెండో సంవత్సరం, గజ్వేల్ పిల్లే. డ్రైవరు యాదగిరి గుర్తున్నాడా అని అడిగాను. గుర్తున్నాడంది. ఏమన్నాడని అడిగాను.

"వెల్డింగు లెక్క మెరుస్తుందన్నడు మేడం. కండ్లు మూసినా మెరుస్తుందన్నడు."

"దాన్ని ఇంగ్లీషుల ఏమంటరు?"

"ఫ్లాష్. నాకు ఎరుకే మేడం," అంది.

అక్కడ నాకు అసలు సంగతి తెలిసింది. మొదటి శిబిరంలో ఆ పిల్ల ఒకామెకు ఫ్లాష్ నొక్కి ఎర్ర చీటీ ఇచ్చింది. సంస్థకున్న ఒక్క బండి ఆమెను తీసుకుని హైదరాబాదు పోయింది. ఆ రోజు శుక్లం రోగులను తరలించడానికి బండి లేక లెక్క తగ్గింది. సాయంత్రం కోఆర్డినేటరు పిల్లలందరినీ కూర్చోబెట్టి, ఇకనుంచి వెలుగు మాట ఎవరు ఎత్తినా గ్లేర్ నొక్కండి, మిగతాది పెద్ద డాక్టర్లు నెల తర్వాత చూసుకుంటారు అని చెప్పాడు. యాదగిరి డ్రైవరని తెలిశాక అందరికీ అది నిజంలాగానే అనిపించింది. డ్రైవరు కళ్ళలోకి లైట్లు కొట్టవా మరి! ఎద్దు ఈనిందంటే గాటన కట్టేయమన్నట్టు, వెలుగు అనగానే గ్లేర్ అని కట్టేశారు.

స్రవంతి ఏడ్చింది. ఆ పిల్లను నేను ఓదార్చలేదు, తిట్టనూ లేదు. నువ్వు అర్థం చేసుకున్నదాన్ని ఎవరు చెప్పినా మార్చకు అన్నాను, అంతే. నా కోపం ఆ పిల్ల మీద కాదు. ఐదు గడులు పెట్టి నాలుగింటికి తాళం వేసినవాడి మీద. తెలియక చేసిన తప్పయితే నేర్పించవచ్చు. తెలిసి చేసినదానికి ఏం నేర్పిస్తాం?

కోఆర్డినేటరు అక్కడే ఉన్నాడు. ఈసారి నవ్వలేదు. పెద్ద పనిలో చిన్న పొరపాట్లు తప్పవు మేడమ్, ఎంతమందికి చూపు వస్తోందో కూడా చూడండి అన్నాడు. ఎవరి కన్ను చిన్నదో చెప్పమన్నాను. శిబిరం ఆ పూటకు ఆపించి, నీలం చీటీ తీసుకున్న గ్లేర్ వాళ్ళందరినీ వెనక్కి పిలిపించమని రాతపూర్వకంగా ఆదేశం ఇచ్చాను. రఫీక్, నేను, మా విభాగం పిల్ల డాక్టర్లు కలిసి వాళ్ళందరినీ ఒక్కటే ప్రశ్నతో మొదలుపెట్టి పరీక్షించాం. కళ్ళు మూస్తే పోతదా? ఎక్కువమంది పోతుందన్నారు. పోదన్నవాళ్ళలో ఒక టైలరుకు రెటీనాలో చిరుగు దొరికింది. పొర ఇంకా ఊడలేదు. లేజరుతో అతని కన్ను నిలిచింది. ఆ సంగతి చెప్పి నన్ను శాంతింపజేయాలని చాలామంది ప్రయత్నించారు. నేను ఇంకా మండిపడ్డాను. టైలరు కన్ను నిలిచిందంటే యాదగిరి కన్ను కూడా నిలిచేదని అర్థం కదా.

యాదగిరికి హైదరాబాదులో ఆపరేషను చేశారు. బాగా చేశారు. పొర మళ్ళీ గోడకు అంటుకుంది. నడిమి చూపు మాత్రం రాలేదు. కుడికంటితో చూస్తే పక్కల నుంచి నీడలు కదులుతున్నట్టు కనబడతాయి, ఎదుటి మనిషి మొహం ఉండాల్సిన చోట ఏమీ ఉండదు. బండి యజమాని మంచివాడే, ఆపరేషను అయ్యేదాకా ఆగాడు. ఒక్క కన్నుతో పెద్ద బండి ఇవ్వలేనన్నాడు. అతన్ని నేను తప్పుపట్టలేను. లైసెన్సు కోసం వైద్య ధ్రువీకరణకు యాదగిరి నా దగ్గరికే వచ్చాడు. నా ఉద్యోగంలో పెట్టిన అత్యంత కష్టమైన సంతకం అదే. పెద్ద బండి నడపడానికి పనికిరాడు అని నా చేత్తోనే రాసి ఇచ్చాను. చట్టం అది, రోడ్డు మీద వేరేవాళ్ళ ప్రాణాలు ఉన్నాయి. రేణుక ఆ కాగితం వైపు చూస్తూ, "రాయి డాక్టరమ్మా, నువ్వేం జేస్తవ్," అంది. తిట్టి ఉంటే బాగుండేది.

వానాకాలం చివర్లో సంస్థ సిద్దిపేటలో ఒక ఫంక్షను హాలు తీసుకుని ముగింపు సభ పెట్టింది. పూలదండలు, వేదిక మీద వరుసగా కుర్చీలు, దాతలకు శాలువాలు. నాకూ ఒక కుర్చీ వేశారు. పర్యవేక్షక సర్జను ధ్రువీకరణ సంతకం ఇంకా పడలేదు కనుక నా కుర్చీకి కొంచెం మర్యాద ఎక్కువగా ఉంది. ప్రతి ఒక్కరి చేతిలో నున్నటి కాగితం మీద అచ్చు వేసిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి పెట్టారు. వక్తలు మాట్లాడుతున్నంతసేపూ నేను దాన్ని చదివాను.

మొదటి పేజీలో దాతల సేవ "షైనింగ్". రెండో పేజీలో ముసలమ్మల చిరునవ్వులు "రేడియంట్". పిల్లల కళ్ళు "స్పార్క్లింగ్". కార్యక్రమం "బ్రిలియంట్" విజయం. సంస్థ అధ్యక్షుడి ఆశయం "లూమినస్". ఆయనకు అందిన ప్రశంసలు "గ్లోయింగ్". వాలంటీర్ల ఉత్సాహం "డాజ్లింగ్". ఎవరో నిఘంటువు పక్కన పెట్టుకుని ఒక మాట రెండోసారి రాకుండా శ్రద్ధగా రాశారు. పెన్ను తీసి ఆ మాటలన్నిటి కిందా గీతలు గీశాను.

నన్ను రెండు మాటలు మాట్లాడమన్నారు. మైకు ముందుకు పోయి ఆ మాటలను ఒక్కొక్కటిగా చదివాను. చదువుతుంటే జనం చప్పట్లు కొట్టారు, పొగుడుతున్నానని అనుకున్నారు. చదవడం అయ్యాక అన్నాను: "మీ గురించి చెప్పుకునేటప్పుడు వెలుగుకు ఇన్ని మాటలు దొరికినయి. రాయపోల్ డ్రైవరు వచ్చి కండ్లు మూసినా మెరుస్తుందంటే, ఒక్క మాట దొరకలేదా? దొరికింది. మీ ట్యాబుల ఉండె. ఆ పిల్లకు తెలుసు. మీరు నొక్కనియ్యలే." యాదగిరి సంగతి మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. పొగడ్తకు ఒక భాష, బాధకు ఒక గడి పెట్టిన చోట నేను సంతకం పెట్టనన్నాను. మైకు ఆగిపోయింది. ఆగిందో, ఆపారో తెలియదు. నాకు పెద్ద గొంతే ఉంది, మిగతాది మైకు లేకుండానే చెప్పాను.

దాని ఫలితం ఏమిటని అడుగుతారేమో. పెద్దగా ఏమీ లేదు. పై అధికారులు నన్ను పిలిచి సభా మర్యాద గురించి హితబోధ చేశారు. నా సంతకం లేకపోవడంతో ఒప్పందం మళ్ళీ రాసుకోలేదు. సంస్థ వేరే ప్రాంతానికి పోయింది. యాదగిరికి ఏమైనా పరిహారం ఇప్పిద్దామని పైకి రెండుసార్లు ఉత్తరాలు రాశాను. విచారిస్తున్నామని జవాబిచ్చారు, ఇవాళ్టికీ విచారిస్తూనే ఉండి ఉంటారు. కోఆర్డినేటరుకు పెద్ద పదవి వచ్చిందని విన్నాను. స్రవంతి డిగ్రీ మానలేదు. ఆప్టోమెట్రీ కోర్సులో చేరిందని రఫీక్ చెప్పాడు.

మా విభాగంలో మాత్రం ఒక నియమం పెట్టాను. నేను రిటైరయ్యేదాకా అది నడిచింది. కేసు షీటు మొదటి వరుసలో రోగి అన్న మాట, అన్నట్టుగా, తెలుగులోనో దక్కనీ ఉర్దూలోనో రాయాలి. వెలుగు బాధ అయితే కళ్ళు మూయించి అడగాలి. ఆ తర్వాతే ఇంగ్లీషు మాట. కొత్తగా వచ్చిన పిల్ల డాక్టర్లు విసుక్కునేవారు. ఇది కారం డాక్టరమ్మ రూలు, నోరు మూసుకుని రాయండి అని రఫీక్ వాళ్ళకు చెప్పేవాడు.

పోయిన ఎండాకాలం పనిమీద గజ్వేల్ పోయినప్పుడు కూరగాయల మార్కెట్టు దగ్గర యాదగిరిని చూశాను. వేరేవాళ్ళ బండ్లు వెనక్కి తీసేటప్పుడు చేత్తో దారి చూపిస్తున్నాడు. తల కొంచెం కుడివైపుకు తిప్పి, ఎడమకంటితో చూస్తూ, "రానీ, రానీ, బస్," అంటున్నాడు. నన్ను గుర్తుపట్టి దగ్గరికి వచ్చాడు. అలవాటుగా అడిగాను, ఇప్పుడు మెరుపులేమన్న వస్తున్నయా అని.

"లేవు మేడం," అన్నాడు. "ఆ మెరుపులే లేవు. మెరిసినన్ని దినాలు కన్ను బతికున్నట్టుండె."

నేను నేర్చుకున్నది ఇది. మనిషి తన బాధను సరిగ్గానే చెబుతాడు. చెప్పలేదని అనేవాడు సాధారణంగా విననివాడు. మాటలు ఎన్ని ఉన్నాయనేది ఏ భాషలోనూ సమస్య కాదు, వాటిని ఎవరి కోసం వాడటానికి సిద్ధంగా ఉన్నామనేదే సమస్య. ఈ వృత్తిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకు చెప్పేది ఒక్కటే. ముందు కళ్ళు మూయించి అడగండి, విన్నది విన్నట్టు రాయండి. గడి ఆ తర్వాత నింపండి.